రేడియో టెలిస్కోపు బొమ్మ తీయదు, లెక్క కడుతుంది

[తెరపై: ఎడారి మైదానం. రైలు పట్టాల పక్కన తెల్లటి డిష్షులు, అన్నీ ఒకేసారి ఒకే వైపు తిరుగుతాయి.]

అమెరికాలో న్యూ మెక్సికోలో ఉన్న వెరీ లార్జ్ అరే ఇది. ఒక్కో డిష్షు 25 మీటర్ల వెడల్పు. అలాంటివి 27. ఇంత పెద్దది ఒక్కటి చాలదా అంటారేమో. చాలదు. హైడ్రోజన్ వాయువు 21 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యంలో పలుకుతుంది. ఆ తరంగాల్లో ఈ డిష్షుకి నిండు చంద్రుడంత మేర ఆకాశం మొత్తం ఒకే చుక్క! మన కన్నే నయం.

డిష్షు వెడల్పు పెంచితే చూపు పదునెక్కుతుంది. 36 కిలోమీటర్ల డిష్షు ఉంటే బాగుండు, కానీ కట్టేదెవరు, కట్టినా తిప్పేదెవరు? అందుకే చిన్న డిష్షులను దూరదూరంగా నిలబెట్టి, వాటి సంకేతాలను కలుపుతారు. కలుపుతారని తేలిగ్గా అనేశాను గానీ, అసలు తిప్పలన్నీ అక్కడే.

[తెరపై: రెండే డిష్షులు, మధ్య దూరం ఒక కిలోమీటరు. తరంగాలు ఏటవాలుగా వస్తున్నాయి.]

రెండింటినే తీసుకుందాం. మధ్యనున్న ఈ దూరాన్ని బేస్‌లైన్ అంటారు. ఒక గెలాక్సీ నడినెత్తి నుంచి బేస్‌లైన్ దిశలో 30 డిగ్రీలు వాలి ఉందనుకోండి. దాని తరంగం ఒక డిష్షుని ముందు తాకుతుంది. రెండోదాన్ని చేరడానికి ఇంకో 500 మీటర్లు రావాలి. అంటే 1.67 మైక్రోసెకన్ల ఆలస్యం. ముందొచ్చిన సంకేతాన్ని సరిగ్గా అంతసేపు ఆపి ఉంచి, రెండోది రాగానే రెండింటినీ గుణించాలి. ఆ పని చేసే యంత్రం కోరిలేటర్.

గుణించడం దేనికి? డిష్షులో పడేదాంట్లో చాలావరకు రొదే. ఒక రిసీవర్ రొదకీ ఇంకోదాని రొదకీ సంబంధం లేదు కాబట్టి, గుణించి సగటు తీస్తే అది సున్నా వైపు పోతుంది. ఆకాశం నుంచి వచ్చింది రెండింట్లోనూ ఒకటే గనక మిగిలిపోతుంది.

ఈలోగా భూమి తిరుగుతూనే ఉంది. తూర్పు పడమరలుగా వేసిన కిలోమీటరు బేస్‌లైన్ మీద, ఖగోళ మధ్యరేఖ (భూమధ్యరేఖకి నెత్తిన ఆకాశంలో ఊహించుకునే గీత) దగ్గరున్న గెలాక్సీ నడిమింటికి వచ్చినప్పుడు, సుమారు మూడు సెకన్లకోసారి దారి తేడా ఒక నిండు తరంగం (ఆ 21 సెంటీమీటర్లు) మేర మారిపోతుంది. సరిచేయకుండా వదిలేస్తే గుణకారం ఫలితం పైకీ కిందికీ ఊగుతుంది. ఈ ఊపు పేరు ఫ్రింజ్. నాకు ఈ మొత్తం వ్యవహారంలో బాగా నచ్చేది ఇదే. ఊపు ఎంత ఎత్తు, ఏ దశలో (పైకి, కిందికి మధ్య ఎక్కడ) ఉంది: ఈ రెండు అంకెలే ఆ జత మనకిచ్చే సమాచారం.

[తెరపై: ఆకాశం మీద వెలుగునీడల చారలు. డిష్షులు దూరం జరిగేకొద్దీ చారలు సన్నబడతాయి.]

అంటే ఒక జత ఆకాశాన్ని చారల గుండా చూస్తుంది. దగ్గరి జతవి వెడల్పు చారలు, దూరపు జతవి సన్నవి. ఒక్క జతతో బొమ్మ రాదు. 27 డిష్షులకి 351 జతలు. పుణె దగ్గర ఖోడద్‌లో ఉన్న జీఎంఆర్‌టీ అనే రేడియో టెలిస్కోపు 30 డిష్షులకైతే 435. ఈ చారలన్నీ ఫోరియర్ లెక్కలో (చారలను పేర్చి బొమ్మ కట్టే గణితం) కలిస్తేనే చిత్రం.

అవీ చాలవు. ఇందాక ఇబ్బంది పెట్టిన భూభ్రమణమే ఇక్కడ పనికొస్తుంది. గెలాక్సీ వైపు నుంచి చూస్తే జతలన్నీ భూమితోపాటు తిరుగుతుంటాయి కాబట్టి, గంటలతరబడి చూస్తే ఒక్కో జతకి బోలెడు కొత్త చారలు దొరుకుతాయి. కేంబ్రిడ్జిలో ఈ పద్ధతిని పండించిన ఖగోళ శాస్త్రవేత్త మార్టిన్ రైల్‌కి 1974లో నోబెల్ వచ్చింది. అయినా ఖాళీలు మిగిలి, బొమ్మలో ప్రతి వెలుగుచుక్క చుట్టూ దొంగ వలయాలు పుడతాయి. వాటిని ఏరి తీసేసే 'క్లీన్' పద్ధతిని యాన్ హోగ్‌బమ్ అదే ఏడాది ప్రచురించాడు. ఏరడం ఎక్కడ ఆపాలన్నది మాత్రం చాలాసార్లు బొమ్మ తయారుచేసేవాళ్ల విచక్షణే.

ఇంకో చిక్కు: రెండు డిష్షులు ఒకదాని మీదొకటి ఎక్కలేవు. కాబట్టి మరీ వెడల్పు చారలు ఏ జతకీ దొరకవు, ఆకాశంలో విశాలంగా పరుచుకున్న మేఘాలు జారిపోతాయి. అలాంటి చోట ఒంటరి పెద్ద డిష్షు కొలతలు తెచ్చి కలపాల్సిందే.

[తెరపై: భూగోళం. హవాయి, చిలీ, స్పెయిన్, దక్షిణ ధ్రువం మీద వెలిగే చుక్కలు.]

డిష్షులు ఖండానికొకటిగా ఉంటే చూపు ఇంకా పదును, కానీ ఖండాల మధ్య ఇంత డేటాని వైరు మీద పంపడం కష్టం. ప్రపంచమంతటి రేడియో టెలిస్కోపులను జతకలిపే ఈవెంట్ హొరైజన్ టెలిస్కోపు వాళ్లు 2017 ఏప్రిల్లో ఏం చేశారంటే, ప్రతిచోటా హైడ్రోజన్ మేసర్ అనే అతి కచ్చితమైన అణు గడియారంతో సమయం ముద్ర వేస్తూ, వచ్చిన తరంగాన్ని వచ్చినట్టే హార్డ్ డిస్కులకి ఎక్కించారు. ఆ డిస్కులు విమానాల్లో కోరిలేటర్లున్న చోట్లకి, అమెరికాలోని హేస్టాక్ అబ్జర్వేటరీకీ, జర్మనీలోని బాన్‌కీ వెళ్లాయి. రెండు సంకేతాలు మొదటిసారి కలుసుకున్నది అక్కడే, చూడ్డం అయిపోయిన ఎన్నో వారాలకి.

దక్షిణ ధ్రువం డిస్కులు మాత్రం చలికాలం విమానాలు లేక ఆగిపోయి, ఆ డిసెంబరులో చేరాయి. తమాషా ఏమిటంటే, 2019 ఏప్రిల్ 10న లోకమంతా చూసిన, ఎం87 అనే గెలాక్సీ నడుమనున్న కృష్ణబిలం దక్షిణ ధ్రువం నుంచి అసలు కనబడదు, ఎప్పుడూ క్షితిజం కిందే ఉంటుంది. అక్కడి టెలిస్కోపు 3సి 279 అనే క్వేజార్‌ని (చాలా దూరాన మెరిసే గెలాక్సీ కేంద్రం) చూసి మొత్తం అమరికని సరిచూడ్డానికి సాయపడింది. మన పాలపుంత నడుమనున్న కృష్ణబిలాన్ని కూడా అది అప్పుడే రికార్డు చేసి పెట్టింది. ఆ బొమ్మ 2022 మేలో వచ్చింది.