ఊరూరా పాటలు ఏరిన ప్రొఫెసర్

శ్రోతలకు నమస్కారం.

ఈ పూట హైదరాబాద్ నుంచి మొదలుపెడతాను. మన హైదరాబాద్ కాదు, సింధు నది ఒడ్డున, పాకిస్తాన్‌లో ఉన్న హైదరాబాద్. 1951లో అక్కడి సింధ్ విశ్వవిద్యాలయంలో ఒక యువ ప్రొఫెసర్ చేరారు. పేరు నబీ బఖ్ష్ ఖాన్ బలోచ్. అమెరికాలో, కొలంబియా విశ్వవిద్యాలయంలో ఉపాధ్యాయ శిక్షణ మీద డాక్టరేట్ చేసి వచ్చారు. 1917లో సాంఘర్ జిల్లా పల్లెలో పుట్టిన మనిషి. పసితనంలోనే తండ్రి పోయారు. చదువు కోసం జునాగఢ్ వెళ్లారు, అలీగఢ్ వెళ్లారు, సముద్రాలు దాటారు. తర్వాత వైస్ ఛాన్సలర్ కూడా అయ్యారు.

ఆ పదవుల సంగతి అలా ఉంచుదాం. అంత చదివిన మనిషి మళ్లీ పల్లెల వైపే చూశారు, నాకు అదే ముఖ్యం. సింధీ అదబీ బోర్డు, అంటే సింధీ సాహిత్య సంస్థ, తరఫున 1950ల చివర్లో ఆయన ఒక పని మొదలుపెట్టారు. తాలూకాల్లో మనుషుల్ని పెట్టి, జనం నోట ఉన్నదంతా రాయించారు. పాటలు, పొడుపు కథలు, సామెతలు, పెళ్లి ఆచారాలు. అక్షరమాలలోని ఒక్కో అక్షరంతో ఒక్కో చరణం ఎత్తుకునే పద్యాలు. అవన్నీ కలిపి 42 సంపుటాలయ్యాయి. మళ్లీ చెబుతాను, 42 సంపుటాలు!

అందులో మారుయి కథకే ఒక సంపుటం ఉంది. నాకు చాలా ఇష్టమైన కథ. థార్ ఎడారిలో మలీర్ అనే సీమ. అక్కడి పశువుల కాపరుల పిల్ల మారుయి. నీళ్లకని బావి దగ్గరికి వెళ్తే, ఉమర్ అనే రాజు ఎత్తుకుపోయి ఉమర్‌కోట్ కోటలో పెట్టాడు. పట్టుబట్టలు ఇచ్చాడు, కట్టుకోలేదు. నగలు ఇచ్చాడు, ముట్టుకోలేదు. ఒంటి మీద తన ఊరి ఉన్ని దుప్పటి అలాగే ఉంచుకుంది. మాసినా అదే, చిరిగినా అదే. వాన పడితే మలీర్‌లో మా వాళ్లు ఏం చేస్తుంటారో అని ఏడ్చింది. చివరికి ఉమరే ఓడిపోయి, చెల్లెలా అని పిలిచి ఇంటికి పంపాడు.

ఈ కథను 18వ శతాబ్దంలో మహాకవి షా అబ్దుల్ లతీఫ్ పాడారు. ఆ కవి ఉండగా ఇంకొకరి పాట ఎందుకని బలోచ్ అనుకోలేదు. లతీఫ్ కావ్యాన్నీ రాతప్రతులతో సరిచూసి అచ్చువేశారు, పల్లెజనం పాడుకునే మారుయి పద్యాలనూ అచ్చువేశారు. ఐదు సంపుటాల సింధీ నిఘంటువు కూడా ఆయన చేతి పనే. 2011లో కన్నుమూసేదాకా ఆయన చేసింది ఇదే, వినడం, రాయడం.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. చిన్నప్పుడు మా నాయనమ్మ పాడే నాట్ల పాట ఒకటి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. అందులో ఒక మాట నాకు తప్పనిపించింది. దాన్ని కొట్టేసి, బడిలో నేర్చిన మాట పెట్టాను. నాయనమ్మ పోయింది. నోట్‌బుక్ ఉంది. ఆమె అన్న అసలు మాట ఏమిటో ఎంత ఆలోచించినా నాకు గుర్తు రావడం లేదు.

అందుకే మీతో ఒక్కటే చెబుతాను. ఇంట్లో పెద్దవాళ్లు పాడితే ఫోన్‌లో రికార్డు చేయండి, చాలా మంచిది. కానీ కాగితం మీద కూడా రాయండి. రాసేటప్పుడు దిద్దొద్దు. అమ్మమ్మ ఎలా పలికితే అలాగే, దిద్దొద్దు. అర్థం కాని మాట ఉంటే అప్పుడే అడగండి, ఆమె చెప్పింది పక్కన రాయండి. కింద ఆమె పేరు, ఊరు, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకుందో రాయండి. తేదీ మరిచిపోవద్దు.

నమస్కారం.