పొలం మీద గీసిన గీత

శ్రోతలకు నమస్కారం.

కామారెడ్డి అంటే పాతతరం వారికి బెల్లం మార్కెట్టు గుర్తుకొస్తుంది. 2023 జనవరిలో మాత్రం ఆ పట్టణం పేరు రాష్ట్రమంతా వినిపించింది ఒక పటం కారణంగా. మున్సిపాలిటీ కొత్త మాస్టర్ ప్లాను, అంటే ఊరు ఎటు ఎలా పెరగాలో చూపే పటం, ముసాయిదాను ప్రజల ముందు పెట్టింది. అందులో అడ్లూర్ ఎల్లారెడ్డి, ఇల్చిపూర్, టేక్రియాల్, లింగాపూర్ వంటి ఊళ్లకు చెందిన పొలాలు కొన్ని పారిశ్రామిక జోన్‌లోకి వెళ్లాయని, కొన్నిటి మీదుగా వంద అడుగుల రోడ్డు గీత పోయిందని రైతులకు తెలిసింది. పంట పండే భూములవి. రైతులు కుటుంబాలతో సహా కలెక్టరేట్ ముందు బైఠాయించారు. ఒక రైతు ఆత్మహత్య చేసుకున్నాడు. అదే నెల 20న మున్సిపల్ కౌన్సిల్ సమావేశమై ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది. ఆ రోజుల్లోనే జగిత్యాలలోనూ మాస్టర్ ప్లాను మీద ఇలాంటి గొడవే జరిగింది, ఇలాగే సద్దుమణిగింది.

పటం వెనక్కు పోయింది, బాగానే ఉంది. మరి ఊరు పెరగడం ఆగుతుందా? 44వ నంబరు జాతీయ రహదారి పక్కనే ఉండి, 2016లో జిల్లా కేంద్రమైన పట్టణం అది. చుట్టూ ఉన్న పల్లెలు కొన్ని ఇప్పటికే మున్సిపాలిటీలో కలిశాయి. ప్లాను లేకపోయినా పెరుగుదల ఉంటుంది. అది ఎటు సాగాలో అప్పుడు వెంచర్లు వేసేవాళ్లు నిర్ణయిస్తారు. ఈ సంగతే ఈరోజు మీతో మాట్లాడదలచుకున్నాను.

జోనింగ్ అనగానే అదేదో మహానగరాల వ్యవహారమనుకుంటాం. నిజానికి దాని అవసరం పల్లెకే ముందు తెలిసివస్తుంది. ఊరికి కిలోమీటరు దూరంలో ఎవరో కోళ్ల షెడ్డు వేసుకున్నారనుకోండి. చుట్టూ చేలు, ఎవరికీ ఇబ్బంది లేదు. పదేళ్లకు దాని పక్క చేను ప్లాట్లయింది, ఇళ్లు లేచాయి. ఈగలు, వాసన. కాలనీవాళ్లు ఫిర్యాదు చేశారు. ఇప్పుడు ఎవరు కదలాలి? ముందొచ్చింది షెడ్డు. అప్పు తెచ్చి వేసుకున్నది. ఇల్లు కట్టుకున్నవాళ్లూ జీవితకాలపు పొదుపు అందులో పెట్టారు. ఇద్దరిదీ తప్పు కాదు, ఇద్దరికీ నష్టమే. రైసు మిల్లు బూడిద విషయంలో, ఇటుక బట్టీ పొగ విషయంలో కూడా ఇదే తగవు. షెడ్డు వేసిన రోజున గానీ చేను ప్లాట్లయిన రోజున గానీ, ఈ దిక్కు ఇళ్లకు, ఆ దిక్కు షెడ్లకు అని రాసిపెట్టిన కాగితం ఒకటి ఉంటే పంచాయతీ దాకా వచ్చేదే కాదు. జోనింగ్ అంటే ఇంతే. నివాసానికి, వాణిజ్యానికి, పరిశ్రమకు, వ్యవసాయానికి, నీటికి ఎక్కడెక్కడ చోటు అని ముందే చెప్పుకోవడం.

మన దగ్గర జరిగేది సరిగ్గా దీనికి తలకిందులు. ముందు హద్దురాళ్లు పడతాయి. తర్వాత రిజిస్ట్రేషన్లు, ఆ తర్వాత ఇళ్లు, అటుపైన మురుగు ఎటు పోవాలన్న ప్రశ్న. అన్నిటికన్నా చివర్లో వచ్చేది ప్లాను.

లెక్క చూడండి. ఎకరమంటే నలభై గుంటలు, 4,840 గజాలు. సరైన అనుమతితో లేఔటు వేస్తే రోడ్లు తీయాలి, మొత్తం స్థలంలో పదో వంతు ఖాళీగా వదిలి స్థానిక సంస్థకు అప్పగించాలి. అవన్నీ పోగా అమ్ముకోవడానికి మిగిలేది సగానికి కొంచెం పైన. అనుమతి లేకుండా ఇరుకు దారులు వదిలి, పార్కు పేరెత్తకుండా అమ్మితే ఇంకా చాలా గజాలు మిగులుతాయి. ఆ మిగులే వెంచరు వేసినవాడి లాభం. కొన్నవాళ్లకు మిగిలేది ఫైరింజను తిరగలేని సందు, పిల్లలు ఆడుకోవడానికి వీధి. ఇక్కడ ఇంకో చిక్కు. "నాలా కన్వర్షన్ అయింది, ఇంకేం భయం లేదు" అని మధ్యవర్తి ధైర్యం చెబుతాడు. ఆ కన్వర్షన్ 2006 నాటి చట్టం కింద రుసుము కట్టి, ఇది ఇకపై సాగుభూమి కాదని రెవెన్యూ శాఖ దగ్గర తీసుకునే కాగితం మాత్రమే. లేఔటు అనుమతి వేరు. ఆ రెండూ ఒకటేననుకుని మోసపోయినవాళ్లు మీ బంధువర్గంలోనే ఎవరో ఒకరు ఉంటారు.

2020 ఆగస్టు చివర తెలంగాణ ప్రభుత్వం అనుమతిలేని ప్లాట్ల క్రమబద్ధీకరణ, అదే ఎల్ఆర్ఎస్, ప్రకటిస్తే దాదాపు 25 లక్షల దరఖాస్తులు వచ్చాయి. పాతిక లక్షల మంది అక్రమార్కులున్నారని దీనర్థం కాదు కదా! ఇల్లు కావాలనుకున్న మధ్యతరగతి వాళ్లే ఎక్కువమంది. తమ లేఔటులో వదలాల్సిన ఖాళీ స్థలం వదలనందుకు, రిజిస్ట్రేషను నాటి ప్లాటు విలువలో 14 శాతం వాళ్లు కట్టాలి. ఆ పార్కు స్థలాన్ని అమ్ముకుని సొమ్ము చేసుకున్నది మరొకరు. పైగా ఈ డబ్బు కట్టినంత మాత్రాన పార్కు ఏమీ మొలవదు. క్రమబద్ధీకరణ అంటే నాకు మొదటి నుంచీ గౌరవం లేదు. సమయానికి ప్లాను ఇవ్వలేకపోయిన ప్రభుత్వాలు, ఆ లోటు ఖరీదును కొనుగోలుదారు చేత కట్టించడమది.

ఇక నీటి సంగతి. ఇక్కడ నేను బేరానికి ఒప్పుకోను. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే పూర్తి నీటిమట్టం గీత నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంటకు 9 మీటర్లు, పది మీటర్ల కన్నా వెడల్పయిన వాగుకూ 9 మీటర్లు వదిలి కట్టుకోవాలని భవన నిర్మాణ నిబంధనలు చెబుతున్నాయి. నిబంధన ఉంది, పొలంలో గీత లేదు. ఎండాకాలంలో శిఖం భూమి, అంటే చెరువు నిండితే మునిగే నేల, చూస్తే చక్కటి మైదానంలా ఉంటుంది, ప్లాట్లు కొట్టడానికి అంతకన్నా అనువైన చోటు కనిపించదు. మన చెరువులు ఒకటి నిండితే మత్తడి దూకి ఇంకోదానిలోకి పారే గొలుసుకట్టు చెరువులు. మధ్యలో ఒక కాలువ పూడిస్తే నీరు వేరే దారి వెతుక్కుంటుంది. 2025 ఆగస్టు చివరి వారంలో కురిసిన అతి భారీ వర్షానికి ఇదే కామారెడ్డిలో జీఆర్ కాలనీ వంటివి నీట మునిగాయి, జనం మేడల మీదికెక్కి సాయం కోసం ఎదురుచూశారు. అంత వానకు ఏ ఊరైనా కష్టపడుతుంది, నిజమే. అయినా ఏ ప్లాను తయారైనా మొదట గీయవలసింది రోడ్లు కాదు, నీరు నిలిచే చోటు, పారే దారి. ఊళ్లో పెద్దవాళ్లకు ఆ దారి కంఠతా వచ్చు. ఎక్కడో కార్యాలయంలో ఉపగ్రహ చిత్రం చూసి పటం గీసేవారికి ఎండిన వాగు బండ్ల బాటలా కనిపించినా ఆశ్చర్యం లేదు.

మళ్లీ రైతుల దగ్గరికి వద్దాం. వాళ్ల కోపంలో న్యాయముంది. పటం మీద గీతకు ఇవతల నివాస జోన్, అవతల పరిశ్రమల జోనో గ్రీన్ జోనో. నిన్నటిదాకా రెండు చేలకూ ఒకే ధర. రేపటి నుంచి ఒకటి గజాల్లో అమ్ముడుపోతుంది, ఇంకోదాన్ని అడిగేవాడుండడు. బిడ్డ పెళ్లికో కొడుకు చదువుకో అరెకరం అమ్ముకోవచ్చన్న భరోసా ఒక్క రంగుతో పోతుంది. ప్రభుత్వం భూమిని సేకరిస్తే 2013 చట్టం ప్రకారం పరిహారం ఉంది. జోన్ మార్చితే పైసా రాదు, ఎందుకంటే భూమి కాగితం మీద ఇంకా అతనిదే. అటు గీత వల్ల లాభపడిన పక్క రైతో, ముందే కబురు తెలిసి కొనిపెట్టుకున్న పెద్దమనిషో ఆ లాభంలో ఎవరికీ వాటా ఇవ్వనక్కర్లేదు. ఇలాంటి పటాన్ని రైతు చించకుండా ఎలా ఉంటాడు?

దీనికి దారి లేకపోలేదు. గుజరాత్‌లో టౌన్ ప్లానింగ్ స్కీములని ఉన్నాయి. ఒక ప్రాంతంలోని భూములన్నిటినీ కలిపి చూసి, రోడ్లకు, బడికి, పార్కుకు కావలసింది ప్రతి యజమాని నుంచీ కొంత కొంత తీసుకుని, మిగిలినదాన్ని సక్రమమైన ప్లాట్లుగా వాళ్లకే తిరిగి ఇస్తారు. రోడ్డు ఒకడి పొలాన్నే మింగదు. విస్తీర్ణం తగ్గినా విలువ పెరుగుతుంది, ఆ పెరుగుదలలోనూ అందరికీ పాలు ఉంటుంది. అక్కడా ఏళ్ల తరబడి జాప్యం, కోర్టు తగాదాలు లేకపోలేదు. అయినా నష్టాన్ని పంచే పద్ధతి అందులో ఉంది. మన మాస్టర్ ప్లాన్లలో లేనిది సరిగ్గా అదే.

పల్లెకూ పట్నానికీ కలిపి ప్లాను వేయమని మన రాజ్యాంగమే చెబుతోందని చాలామందికి తెలియదు. 1992 నాటి 74వ సవరణతో వచ్చిన 243 జెడ్‌డి అధికరణం ప్రతి జిల్లాకూ ఒక ప్రణాళికా కమిటీ ఉండాలంటుంది. పంచాయతీలకూ మున్సిపాలిటీలకూ ఉమ్మడిగా ఉండే విషయాలను, స్థల వినియోగాన్ని, నీటి పంపకాన్ని ఆ కమిటీ చూడాలి. అందులో అయిదింట నాలుగు వంతుల సభ్యులు జిల్లాలో ఎన్నికైన స్థానిక ప్రతినిధులే. మీ జిల్లాలో ఆ కమిటీ ఎప్పుడు కూర్చుందో జిల్లా పరిషత్ కార్యాలయంలో అడిగి చూడండి. జవాబు కోసం మాత్రం ఊపిరి బిగబట్టి కూర్చోకండి.

అందాకా చేయగలిగిందీ కొంత ఉంది. మాస్టర్ ప్లాను ఖరారయ్యే ముందు ముసాయిదాను ప్రకటించి అభ్యంతరాలకు గడువిస్తారు. కామారెడ్డిలో ఆ గడువు 60 రోజులు. ప్రకటన పత్రికలో ఓ మూల చిన్న అక్షరాల్లో వస్తుంది, పటం కార్యాలయం గోడకు వేలాడుతుంది. పంచాయతీ కార్యదర్శి చేత దాని నకలు తెప్పించి గ్రామసభలో పరిచి చూపించండి, సర్వే నంబర్లు చదివించండి. మీ చెరువు, కాలువ, బండ్ల బాట, శ్మశానం అందులో ఉన్నాయో లేవో చూడండి. అభ్యంతరం రాసేటప్పుడు "ఈ ప్లాను మాకు వద్దు" అని ఒక్క ముక్కతో సరిపెట్టకండి. సర్వే నంబరు, ప్రస్తుతం ఆ భూమిలో ఏముంది, ఏ జోన్‌లో చూపారు, ఏ జోన్‌లో ఉండాలి, ఎందుకు అన్నది రాయండి. పక్కనున్న రైతులతో కలిసి సంతకాలు పెట్టండి. కాగితం ఇచ్చాక రశీదు అడగండి. విచారణకు పిలిస్తే ఆ రశీదూ మీ పట్టా పాసు పుస్తకమూ వెంట తీసుకెళ్లండి.

నమస్కారం.