అక్రా నుంచి అకోసొంబో: ఓల్టా సరస్సుకి కారులో

నమస్కారం అండీ. ఘానా రాజధాని అక్రాలో ఉంటున్న మన తెలుగువాళ్లకి శనివారం వచ్చిందంటే ఎక్కడికెళ్దాం అన్నదే పెద్ద చర్చ. లబాడి బీచ్ అయిపోయింది, మాల్ అయిపోయింది. అందుకే ఇవాళ కారు ఓల్టా నది మీద డ్యామ్ ఉన్న అకోసొంబో వైపు తిప్పాం. దూరం వంద కిలోమీటర్లు, అటూ ఇటూగా. తెల్లారేసరికి బయల్దేరండి. ఎండెక్కిందా, అషైమాన్ ట్రాఫిక్‌లోనే సగం హుషారు చచ్చిపోతుంది.

అఫియెన్యా దాటాక పల్లెలు మొదలు. రెండు పక్కలా గడ్డి మైదానం, పెద్ద పెద్ద చెదపుట్టలు, మధ్యలో మామిడి తోటలు. మన ముందు వెళ్తున్నది ట్రోట్రో, అంటే ఇక్కడి షేర్ వ్యాన్. వెనక అద్దం మీద ‘సీ నెవర్ డ్రై’ అని రాసుకున్నాడు, చూశారా? మన ఆటోల వెనక రాతల్లాగే, దారంతా చదువుకోవడానికి కాలక్షేపం.

ఇది షాయి హిల్స్. రోడ్డు పక్కన కూర్చున్నవి బబూన్లు. అరటిపండు చూపిస్తే కారు మీదకే వస్తాయి. దయచేసి పెట్టకండి, అద్దాలు ఎత్తేయండి.

ఇక అటింపోకు అనే ఊరు. నన్నడిగితే ఈ ప్రయాణంలో అసలు మజా ఇక్కడే. ఓల్టా నది మీద ఆ ఇనుప ఆర్చి అడోమి వంతెన. ఘానాకి స్వాతంత్ర్యం వచ్చిన 1957లోనే ప్రారంభించారు. కారు ఆగీ ఆగకముందే ఆడవాళ్లు తలమీద పళ్లేలతో చుట్టుముడతారు. ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించిన మొక్కజొన్న పిండి ముద్ద ‘అబోలో’, కాస్త తియ్యగా ఉంటుంది. పక్కన కరకరలాడే బుల్లి చేపల వేపుడు. వాటి పేరు ‘వన్ మ్యాన్ థౌజండ్’, ఒక్కడే వెయ్యి తినేయొచ్చట! షీటో అనే నల్లటి కారం నంజుకుంటే గుంటూరువాళ్లు కూడా వంక పెట్టరు.

అదిగో, ఓల్టా సరస్సు. మనుషులు కట్టిన జలాశయాల్లో విస్తీర్ణంలో ప్రపంచంలోనే పెద్దది, దాదాపు 8,500 చదరపు కిలోమీటర్లు. మన నాగార్జునసాగర్ జలాశయం 285. అంటే ముప్పై సాగర్లు! నీటి పరిమాణంలో మాత్రం జాంబియా, జింబాబ్వేల మధ్య ఉన్న కరీబా దీన్ని మించుతుంది.

ఈ సరస్సుని నిలబెట్టిన అకోసొంబో డ్యామ్ ఘానా తొలి అధ్యక్షుడు క్వామే ఎన్‌క్రుమా కల. 1966 జనవరిలో ఆయనే ప్రారంభించాడు. ఫిబ్రవరిలో విదేశీ పర్యటనలో ఉండగా సైన్యం ఆయన్ని దించేసింది. నెల రోజుల ముచ్చట! కరెంటులో పెద్ద వాటా ఏళ్ల తరబడి అక్రా దగ్గరి తెమాలోని అల్యూమినియం ఫ్యాక్టరీకి వెళ్లింది, అదీ చౌక ధరకి. ఊళ్లు పోగొట్టుకున్నవాళ్లలో చాలామంది లైటు వెలగడం కోసం ఏళ్లూ పూళ్లూ ఎదురుచూశారు. ఆ లెక్క నాకైతే ఇప్పటికీ మింగుడుపడదు.

ఏడొందలకు పైగా పల్లెలు మునిగాయి. సుమారు 80 వేల మందిని 52 కొత్త ఊళ్లకి తరలించారు. అడవిని కూడా పూర్తిగా కొట్టకుండానే నీళ్లు నింపేశారు. ఆ మొద్దులు ఇంకా నీళ్లలో ఉన్నాయి, పడవలు వాటికి తగిలి ప్రమాదాలు జరిగాయి. లైఫ్ జాకెట్ లేని పడవ ఎక్కమని ఎవరు బతిమాలినా ఎక్కకండి. డ్యామ్ దిగువన ఉన్నవాళ్ల కష్టం వేరు. 2023లో నీళ్లు వదిలినప్పుడు మెపే లాంటి ఊళ్లు మునిగి వేలమంది ఇళ్లు వదిలారు.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా సహారా నుంచి హర్మటాన్ అనే పొడిగాలి తెచ్చే దుమ్ము కమ్మేస్తుంది, అవతలి కొండలు కనపడవు. వానలు తగ్గుముఖం పట్టే అక్టోబరు, నవంబరు నయం. డ్యామ్ మీదకి వెళ్లాలంటే ముందే అనుమతి కావాలి. అది దొరక్కపోతే ఎదురు కొండ మీద హోటల్ ఉంది, కాఫీ తాగుతూ డ్యామ్ మొత్తం చూడొచ్చు. బిల్లు చూసి నన్ను తిట్టుకోకండి మరి.