గడ్డి పిండి చూశారా?

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు చదవమని ఒక చీటీ ఇచ్చారు. పదకొండు పేర్లున్నాయి. పదకొండుగురూ ఒకరింటికి ఒకరు వంకాయలు పంపుకునేవాళ్లే. కొత్తగా నేను పరిచయం చేసేదేముంది? చీటీ జేబులో పెట్టుకుంటున్నాను, ఏమనుకోకండి. ఒక్క మాట మాత్రం చెప్పాలి. తెల్లవారుజామునే లేచి గడ్డి నానబెట్టి, వేడినీళ్లలో ఉంచి, ఆ బకెట్టుని మూడంతస్తులు మోసుకొచ్చిన కుర్రాళ్లిద్దరికీ థాంక్స్. ఆ బకెట్టుతో చివర్లో పని ఉంది. కాలు తగలకుండా చూసుకోండి.

నేను ఆర్టీసీ డిపోలో, స్టోర్స్‌లో పనిచేసి రిటైరయ్యాను. బోల్టులు, బేరింగులు లెక్కపెట్టిన చెయ్యి ఇది. వ్యవసాయం చదువుకోలేదు. తెనాలిలో మా ఇంట్లో 2017 నుంచి పుట్టగొడుగులు పెంచుతున్నాను. ఇంటికి సరిపడా వస్తాయి, మిగిలితే పక్కింటికి వెళ్తాయి. అంతే నా అర్హత.

నాకిచ్చిన అంశం 'ఇంట్లో పుట్టగొడుగులు - అయిదు మెలకువలు'. అయిదూ కాగితం మీద రాసుకొచ్చాను. మొదటిది, ఏ రకం పెంచాలి.

సూపర్ మార్కెట్లో డబ్బాల్లో అమ్మే తెల్ల బటన్ రకం జోలికి వెళ్లకండి. దానికి ప్రత్యేకంగా తయారుచేసిన కంపోస్టు కావాలి. గొడుగులు వచ్చేటప్పుడు 14 నుంచి 18 డిగ్రీల చలి కావాలి. మన ఊళ్లో ఆ చలి దొరకాలంటే రాత్రీ పగలూ ఏసీ తిరగాలి. హిమాచల్‌లోని సోలన్‌లో పెంచుతారంటే పెంచుతారు, అక్కడి వాతావరణం అది. దేశానికంతటికీ పుట్టగొడుగుల పరిశోధనా సంస్థ ఉన్నది కూడా ఆ ఊళ్లోనే. మనకి చలికాలంలో, అంటే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, ముత్యపు చిప్ప రకాలు, ఆయిస్టర్ అంటారే అవి. 20 నుంచి 30 డిగ్రీల మధ్య హాయిగా వస్తాయి. ఎండాకాలంలో పాల పుట్టగొడుగు. అది 30, 35 డిగ్రీలకి కూడా తట్టుకుంటుంది కానీ, గడ్డి నిండా విత్తనం తాలూకు తెల్ల బూజు అల్లుకున్నాక పైన మట్టి పొర వేయాలి, ఆ మట్టిని కూడా ముందు ఆవిరి పట్టాలి. కొత్తవాళ్లకి అదంతా ఎందుకు? చిప్పతో మొదలుపెట్టండి.

ఇక మన అమ్మమ్మలు వండిన పుట్టకొక్కుల సంగతి అడుగుతారు. అడక్కపోయినా చెబుతాను. తొలకరికి ఉరుములు ఉరిమితే పుట్టల మీద లేచేవి వేరే జాతి. వాటిని సాగు చేసే రైతులు చెదపురుగులు. పుట్ట లోపల అవి తమ తిండి కోసం పెంచుకునే బూజుకి వచ్చిన గొడుగులే అవి. ఆ రైతులతో మనం పోటీ పడలేం. మా అమ్మ వాటిని కొంగులో మూటగట్టుకొచ్చి, మంచివో కుక్కగొడుగులో తేలాలని కూరలో వెండి ఉంగరం వేసేది. నల్లబడకపోతే మంచివని లెక్క. ఆ లెక్క తప్పండీ. వెండి తళతళలాడుతూ ఉన్నా ప్రాణం తీసే గొడుగులున్నాయి. వెల్లుల్లి వేసి చూడటం కూడా అంతే. దొడ్లో మొలిచింది కదా అని కోసుకు తినకండి. ఇది నా అయిదు మెలకువల్లో లేదు, అయినా చెప్పకుండా దిగలేను.

రెండోది, గడ్డి. నేను ఇక్కడే ఆగిపోతానని మా ఆవిడ ఇంట్లో పందెం వేసింది. ఆవిడే గెలిచేట్టుంది.

2017 డిసెంబరు. రిటైరైన కొత్త. పది ప్యాకెట్ల విత్తనం కొన్నాను. విత్తనం అంటే ఏమిటో తెలుసుగా, ఉడికించిన జొన్నల మీద పెంచిన తెల్ల బూజు. స్పాన్ అంటారు. మా వైపు ఒక అమ్మాయి చిన్న గదిలో తయారుచేసి అమ్మేది. గడ్డి మా బావమరిది చేలోది, సన్నాల గడ్డి, చేత్తో కోసింది, ఆ ఏడాదిదే. పసుపుపచ్చగా మెరుస్తోంది. రెండంగుళాల ముక్కలు కొట్టాను, రాత్రంతా నానబెట్టాను, వేడినీళ్లలో గంటసేపు ఉంచాను. అన్నీ పుస్తకంలో ఉన్నట్టే. తీసి, కాసేపు తట్టలో వడకట్టి, కవర్లలోకి కూరాను. గడ్డి ఒక వరస, అంచుల చుట్టూ విత్తనం, మళ్లీ గడ్డి, మళ్లీ విత్తనం. పది కవర్లు పురికొసతో కట్టి వేలాడదీసి, దండం పెట్టుకున్నాను.

ఆరో రోజుకి గదిలో పులిసిన కల్లు వాసన. కవర్ల అడుగున పచ్చని నీళ్లు నిలిచాయి. పదో రోజుకి పక్కల వెంట ఆకుపచ్చ పొడి, పచ్చ సున్నం జల్లినట్టు. పదికి పదీ పోయాయి.

నాకు వచ్చిన కోపం ఏమని చెప్పను! అన్నిటికంటే కంపుకొట్టేదాన్ని ఏరి, టీవీఎస్ మోపెడ్ ముందు పెట్టుకుని ఆ అమ్మాయి షాపుకి వెళ్లాను. నలుగురు కొనేవాళ్లున్నారు. వాళ్ల ముందే బల్ల మీద ఠప్పున పెట్టాను. పుచ్చు విత్తనం అంటగట్టావన్నాను. ఇంకా అన్నాను, ఇక్కడ ఆడవాళ్లున్నారు, అవన్నీ చెప్పను. ఆ అమ్మాయి ఒక్క మాట కూడా ఎదురు అనలేదు. కవరుని అడుగున పట్టుకుని చూసింది. "బాబాయ్ గారూ, గడ్డి పిండి చూశారా?" అని అడిగింది.

నాకు వినపడింది. వినలేదు. డబ్బులు తియ్యమన్నాను. గల్లాపెట్టె తీసి నాలుగు వందలు లెక్కపెట్టి ఇచ్చింది. తీసుకున్నాను. అంతటితో ఊరుకున్నానా? పొద్దున్నే మున్సిపల్ పార్కులో నడిచే బ్యాచీ మాది, ఎనిమిదిమందిమి. అందరికీ చెప్పాను, ఆ షాపు గుమ్మం ఎక్కకండని.

రెండోసారి వేరే ఊరి నుంచి విత్తనం తెప్పించాను. మళ్లీ కల్లు వాసన. ఇంకెవరినైనా తిట్టేవాణ్నే, కానీ ఇద్దరూ కలిసి నామీద కుట్ర పన్నారనలేను కదా. మూడోసారి గడ్డి వడకడుతుంటే మా ఆవిడ వచ్చి నిలబడింది. తట్టలోంచి ఒక గుప్పెడు తీసి పిండింది. మోచేతి దాకా నీళ్లు కారాయి. "ఏం, చారు పెట్టడానికి చింతపండు రసం తీస్తున్నారా?" అంది.

అప్పుడు గుర్తొచ్చిందండీ, బాబాయ్ గారూ, గడ్డి పిండి చూశారా?

ఇది కాస్త శ్రద్ధగా వినండి. విత్తనంలోని ఆ తెల్ల బూజు కూడా మనలాగే గాలి పీల్చుకునే ప్రాణి. గడ్డి ముక్కల మధ్య సందుల్లో గాలి ఉండాలి. అక్కడ నీళ్లు నిలిస్తే దానికి ఊపిరాడదు, బాక్టీరియాకి పండగ. మన విత్తనం బలహీనపడగానే ఆకుపచ్చ బూజు ఎక్కుతుంది. ఎంత మంచి విత్తనమైనా చెరువులో చల్లితే మొలుస్తుందా? అలాగని ఎండిపోతే అసలే అల్లుకోదు. గుప్పెడు గడ్డి తీసుకుని గట్టిగా పిండితే చుక్క రాలకూడదు, అరచెయ్యి మాత్రం తడవాలి. అదీ పదును. స్టోర్స్ వాణ్ని కాబట్టి నేను తూకం కూడా వేస్తాను. కిలో ఎండుగడ్డి, నాని ఆరాక ఇంచుమించు మూడు కిలోలు తూగాలి. నాలుగు తూగిందంటే మీరు నీళ్లని కవర్లో కడుతున్నట్టు.

ఆ రోజు గడ్డిని నులక మంచం మీద డెట్టాల్‌తో తుడిచిన పట్టా పరిచి, నీడలో సాయంత్రం దాకా ఆరబెట్టాం. ఆరు కవర్లు కట్టాను, కిలో ఎండుగడ్డికి వంద గ్రాముల విత్తనం లెక్కన. పద్దెనిమిదో రోజుకి ఆరూ కొబ్బరి చిప్ప లోపలిలా తెల్లగా అయ్యాయి. వాసన చూస్తే అప్పుడే కురిసిన వానకి తడిసిన గడ్డివాములా ఉంది. కవరుకి గాట్లు పెట్టి, కాస్త వెలుతురు, గాలి తగిలేచోట వేలాడదీసి రోజుకి రెండుమూడుసార్లు నీళ్లు చిలకరిస్తే, నాలుగో రోజుకి గుండుసూది తలల్లా మొలకలు.

మొదటి కోత అరకిలో, నాలుగు వందలు పట్టుకుని ఆ అమ్మాయి షాపుకి వెళ్లాను. ఏం జరిగిందో మొత్తం చెప్పాను. పుట్టగొడుగులు తీసుకుంది. డబ్బులు లెక్కపెట్టుకుంది. "ఇవి సరే బాబాయ్ గారూ, పార్కులో చెప్పిన మాటలో?" అంది.

ఎవరో ఆ అమ్మాయి చెవిన వేశారు. మర్నాడు పార్కులో నిలబడి తప్పు నాదేనన్నాను. ఇద్దరు నవ్వారు. ఒకాయన, "అప్పుడూ మీరే చెప్పారు, ఇప్పుడూ మీరే చెబుతున్నారు, ఏది నమ్మమంటారు?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. అందుకే, నన్ను ఎక్కడికి మాట్లాడమని పిలిచినా ఈ సంగతి చెప్పే తీరతాను. చెప్పనిస్తేనే వస్తాను. మీ కార్యదర్శి గారితో కూడా ఫోన్లో ఈ షరతే పెట్టాను. షాపు పేరు చెబుతానంటే ఆ అమ్మాయే వద్దంది. "మీ నోట మళ్లీ నా షాపు పేరు రాకుండా ఉంటే చాలు" అంది.

విత్తనంలో లోపం ఉండదని కాదు. ప్యాకెట్లో జొన్నలన్నీ తెల్లగా అల్లుకుని ఉండాలి, పచ్చ మచ్చ గాని నల్ల మచ్చ గాని ఉంటే అక్కడికక్కడే తిరిగిచ్చేయండి. అది కొనేముందు చేసే పని. ఇంటికెళ్లి నీళ్లగడ్డిలో ముంచాక తిట్టుకోవడం వేరు.

టైమ్ చూపిస్తున్నారు. మిగతావి గబగబా చెప్పేస్తాను. మూడోది, గడ్డిని శుద్ధి చేయడం. కార్బెండజిమ్ అనే బూజు మందు, ఫార్మలిన్ అనే ఘాటు రసాయనం కలిపిన నీళ్లలో నానబెట్టే పద్ధతి ఉంది. పెద్ద షెడ్లు ఉన్నవాళ్లు చేసుకుంటారు. ఇంట్లో వద్దు. మనవలు తిరిగే చోట ఫార్మలిన్ ఏమిటి? 80 డిగ్రీల నీళ్లు గంటసేపు చాలు, కాగు అడుగు నుంచి బుడగలు లేస్తుంటే మంట తగ్గించండి, కళపెళా మరగక్కర్లేదు. వరికోత మిషన్ నలిపేసిన గడ్డి, తుపానులో తడిసి నల్లబడిన గడ్డి ఊరికే ఇచ్చినా తెచ్చుకోవద్దు.

ఇంకొకటి మాత్రం గబగబా చెప్పేది కాదు. రెండో చలికాలం నేను కవర్లు పడగ్గదిలో కట్టాను, ఇంట్లో అదే చల్లన కాబట్టి. ఆశకొద్దీ గొడుగులు బాగా విచ్చుకునేదాకా కోయలేదు. బీరువా మీద తెల్లగా పౌడరు పేరుకుంది. మా ఆవిడకి దగ్గు పట్టుకుంది. నెల రోజులు సిరప్పులు తాగింది, తగ్గలేదు. ఛాతీ డాక్టరు ఎక్స్‌రే చూసి, "ఇంట్లో పావురాలు పెంచుతున్నారా?" అని అడిగాడు. పావురాలు కాదండీ, అని నేను నసిగాను. ఆ పౌడరు పుట్టగొడుగుల బీజాలు. చిప్ప రకాలు విపరీతంగా రాలుస్తాయి, కొందరి ఊపిరితిత్తులకి అస్సలు పడవు. ఆ సాయంత్రమే కవర్లు వసారాలోకి మార్చి, చుట్టూ తడి గోనెపట్టాలు కట్టాను. గొడుగు అంచు ఇంకా కిందికి వంగి ఉండగానే కోసేస్తున్నాను. మొదలు పట్టుకుని మెలితిప్పితే వచ్చేస్తుంది, కత్తి అక్కర్లేదు. లోపలికి వెళ్లేటప్పుడు మాస్క్ పెట్టుకోండి. పడగ్గదిలో మాత్రం పెట్టకండి, ఆస్తమా ఉన్నవాళ్ల ఇంట్లో అసలే వద్దు.

ఇదేమిటి, చీటీనా? "నెలకి లాభం ఎంత వస్తుంది?" అని రాశారు. ఎవరు రాశారో అడగను. మీకెవరో ఫోన్ చేసి ఉంటారు, విత్తనం మేమే ఇస్తాం, శిక్షణ మేమే ఇస్తాం, పండింది మేమే కొంటాం, ముందు యాభై వేలు కట్టండి అని. అవునా? మా వీధిలో ఒకాయన కట్టాడు. మొదటి నెల కొన్నారు. రెండో నెల తేమ ఎక్కువన్నారు. మూడో నెల ఫోన్ ఎత్తలేదు. పుట్టగొడుగు ఫ్రిజ్‌లో పెట్టినా నాలుగైదు రోజులకి మించి నిలవని సరుకు. కొనేవాడు రాకపోతే ఎవరికి అమ్ముతారు? ముందు మీ ఇంటి కూరకి పండించండి. పక్కింటివాళ్లు అలవాటుపడి డబ్బులిచ్చి అడిగే రోజు వస్తే అప్పుడు లెక్కలు వేసుకోండి. శిక్షణ కావాలంటే మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి.

నాలుగు, అయిదు మెలకువలు కాగితం మీదే ఉండిపోయాయి. కావాలంటే జిరాక్స్ తీసుకోండి. నాకు వాటికంటే ఆ బకెట్టు ముఖ్యం. బాబూ, ఇటు తీసుకురా. మూత తియ్యి. కింద న్యూస్‌పేపర్ పరవండి, మండపం వాళ్లు తిడతారు. ఒక్కొక్కరే వరసగా రండి. గుప్పెడు తీసుకోండి, మొహమాటం లేకుండా గట్టిగా పిండండి. మీరు ముందు రండమ్మా, జామచెట్టు కుండీలో పెంచానన్నారు కదా, పిండండి. చూశారా, మణికట్టు దాకా కారింది. ఇది కవర్లో కడితే ఆరో రోజుకి కల్లు. ఎర్ర చొక్కా బాబూ, నువ్వు రా. ఊఁ, ఇంకా రెండు చుక్కలు. బాగానే ఉంది కదా కట్టేద్దామనిపిస్తుంది, నాకూ అలాగే అనిపించింది. వద్దు. పట్టా మీద పల్చగా పరిచి అటు నీడలోకి లాగండి, అరగంట ఆగి మళ్లీ పిండుదాం. ఈలోగా టీ వచ్చిందట. చేతులు కడుక్కుని వెళ్లండి.