పర్మిట్ అంటే బస్సు పాసు, సీటు రిజర్వేషన్ కాదు

(తెర మీద: సన్నటి సందు. రోడ్డు అంచున ఒక పాత రుబ్బురోలు.)

ఈ రోలు చూడండి. ఇందులో పప్పు రుబ్బి ఇరవై ఏళ్ళు దాటి ఉంటుంది. ఇప్పుడు దీని ఉద్యోగం వేరు. పొద్దున తొమ్మిదింటికి మా ఎదురింటి బాబాయిగారి కారు కదలగానే ఇది ఆ ఖాళీలోకి వచ్చి కూర్చుంటుంది. సాయంత్రం కారు తిరిగి రాగానే అరుగు పక్కకు దొర్లుతుంది. ఆయనా, వాళ్ళ అబ్బాయీ కలిసి దొర్లిస్తారు. మొదట ఇటుకలు పెట్టి చూశారు, స్కూటర్ల వాళ్ళు కాలితో నెట్టేశారు. ప్లాస్టిక్ డ్రమ్ము పెడితే రెండో రోజుకే మాయమైంది. రోలు జోలికి మాత్రం ఎవరూ రాలేదు. ఎవరి నడుము మీద వాళ్ళకు ప్రేమ ఉంటుంది కదా.

నమస్కారం. ఒడిశాలోని బరంపురం నుంచి మాట్లాడుతున్నాను. బాబాయిగారు ఆరింటికి వచ్చేస్తారు, ఈలోపు ఇది పూర్తి చేయాలి. ఎందుకంటే కెమెరా నిలబెట్టింది ఆ రోలు పక్కన, ఆయన ఖాళీలోనే.

ఈ మధ్య ఎక్కడ పార్కింగ్ గొడవ జరిగినా ఎవరో ఒకరు ఈ మాట అంటున్నారు: "పెద్ద నగరాల్లోలాగా ఇంటివాళ్ళకు పార్కింగ్ పర్మిట్లు ఇచ్చేస్తే పీడ విరగడవుతుంది. ఎవరింటి ముందు చోటు వాళ్ళదే." బాబాయిగారూ అదే అడిగారు. "పర్మిట్ వచ్చిందంటే ఇక ఈ రోలుతో పని లేదు కదా నాయనా?" నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. ఆయన మీద కాదు, ఆ ఊహ మీద. పర్మిట్ వచ్చినా మీ ఇంటి ముందు చోటు మీది కాదు బాబాయిగారూ. మీరు పర్మిట్‌ను రిజర్వేషన్ అనుకుంటున్నారు.

బస్సుతో మొదలుపెడతాను. పండగ ముందు రోజు మన బస్టాండులోకి శ్రీకాకుళం వైపు వెళ్ళే బస్సు వచ్చింది. అది ఇంకా ఆగలేదు, అప్పుడే కిటికీల్లోంచి తువ్వాళ్ళు పడతాయి. తువ్వాలు పడిన సీటు వేసినవాడిది. ఏ చట్టంలో ఉంది? ఎక్కడా లేదు. అయినా అందరం ఒప్పుకుంటాం, రేపు మనమూ వేయాలి కాబట్టి. ఈ రోలు ఆ తువ్వాలే. కాస్త బరువైన తువ్వాలు.

ఇప్పుడు నెల పాసు ఉన్న మనిషిని చూడండి. పాసు ఉంటే బస్సెక్కనిస్తారు. సీటు ఖాళీగా ఉంటే కూర్చుంటాడు, లేకపోతే కడ్డీ పట్టుకుని నిలబడతాడు. "పాసు కొన్నాను, కిటికీ పక్క సీటు నాదే" అంటే కండక్టర్ నవ్వుతాడు. నివాస పార్కింగ్ పర్మిట్ సరిగ్గా ఇదే. మీ పేట మొత్తం ఒక బస్సు. పర్మిట్ మిమ్మల్ని ఆ బస్సు ఎక్కనిస్తుంది, అంతే. లండన్ పేటల్లో డబ్బు కట్టి పర్మిట్ తీసుకున్నవారికి కూడా చోటు దొరుకుతుందన్న హామీ లేదని అక్కడి కౌన్సిళ్ళు ముందే చెప్పేస్తాయి.

"అదెలా, మా ఇంటి ముందు రోడ్డు మాది కాదా?" అంటారా. ఇంటి దస్తావేజు తీసి హద్దులు చదవండి. ఒక వైపు "వీధి" అని రాసి ఉంటుంది. హద్దు అంటే అక్కడితో మీది అయిపోయిందని అర్థం. అరుగు మీది, మెట్టు దగ్గర పేచీ ఉంది, రోడ్డు మాత్రం ఊరిది.

(తెర మీద: గోడ మీద చేతిరాత. "ఇక్కడ బండి పెడితే గాలి తీయబడును." కింద ఒడియాలో అదే మాట.)

ఈ బోర్డులంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. "తీయబడును" అట. ఎవరు తీస్తారో చెప్పరు. 1988 మోటారు వాహనాల చట్టం 117వ సెక్షన్ ప్రకారం బండ్లు ఎక్కడ నిలపవచ్చో నిర్ణయించేది రాష్ట్ర ప్రభుత్వం, లేదా అది అధికారం ఇచ్చిన సంస్థ, అదీ స్థానిక సంస్థతో సంప్రదించి. ఇంటి యజమాని ఆ జాబితాలో లేడు. గాలి తీసే హక్కు ఏ సెక్షనూ ఎవరికీ ఇవ్వలేదు.

తమాషా ఏమిటంటే, గేటు ముందు బండి పెట్టకుండా ఆపడానికి ఆ బోర్డు అక్కరే లేదు. 2017 కేంద్ర డ్రైవింగ్ నిబంధనల్లోనే ఉంది: ఇంటి రాకపోకలకు అడ్డంగా పార్క్ చేయకూడదు, ఫుట్‌పాత్ మీద కూడదు, నిలిపి ఉన్న బండి పక్కన ఇంకో బండి కూడదు. ఈ నిబంధనలు తప్పితే 2019 సవరణ తర్వాత జరిమానా 500 రూపాయల నుంచి 1000 దాకా. అంటే గేటు విషయంలో చట్టం మీ వైపే ఉంది. గేటు పక్కన ఉన్న గోడ విషయంలో లేదు. మన గొడవలన్నీ ఆ గోడ దగ్గరే.

అదే నిబంధనల్లో ఇంకో వాక్యం ఉంది, కూడలి అంచు నుంచి 50 మీటర్ల లోపు పార్క్ చేయకూడదని. లెక్క వేయండి. మన పాత పేటల్లో ఒక వీధి నూరు మీటర్లు ఉంటుందనుకుందాం, రెండు చివరలా కూడళ్ళు. ఇటు నుంచి 50, అటు నుంచి 50. మిగిలింది సున్నా. అక్షరం అక్షరం పాటిస్తే ఈ వీధిలో ఒక్క కారుకూ చోటు లేదు. బస్సులో సీట్లే లేవు, మనం తువ్వాళ్ళు ఎక్కడ వేస్తున్నట్టు?

వెడల్పు సంగతి ఇంకా ఘోరం. టేపు తెచ్చాను. (తెర మీద: రోడ్డుకు అడ్డంగా టేపు.) ఇక్కడ కాలువ అంచు నుంచి కాలువ అంచుకు పన్నెండు అడుగులు. చిన్న కారు వెడల్పు ఐదున్నర. కాలువలో చక్రం పడకుండా అర అడుగు వదిలి పెడతారు. ఆరు అయిపోయింది, ఆరు మిగిలింది. అంబులెన్సు వెడల్పు ఆరు అడుగులు దాటుతుంది, పైగా అద్దాలు. ఇందులోంచి అది రాదు. మంచం మీద మోసుకుని వీధి చివరకు తీసుకెళ్ళాల్సిందే. పర్మిట్ పద్ధతి మొదలుపెట్టే ముందు ఏ నగరమైనా చేయాల్సిన మొదటి పని ఈ టేపు పని. ఢిల్లీ 2019లో తెచ్చిన పార్కింగ్ నిబంధనల్లో కూడా అంబులెన్సుకు, ఫైరింజనుకు దారి వదలాలన్న షరతు ఉంది. దారి వదిలాక మిగిలిందే పార్కింగ్. మిగలకపోతే లేదు. ఇలాంటి సందుకు ఏ అధికారీ పర్మిట్ ఇవ్వలేడు, ఇవ్వకూడదు. బాబాయిగారు వినడం లేదు కాబట్టి ధైర్యంగా అంటున్నాను.

ఇంత ఇరుకు వీధులు ఎందుకు కట్టారని తిట్టుకోకండి. చేనేత వీధులకు ఒక లెక్క ఉండేది. పొద్దున్నే పడుగును వీధి పొడవునా చాచి, గంజి పట్టించి, ఎండ ముదరక ముందే చుట్టేసేవారని పెద్దవాళ్ళు చెబుతారు. ఆ కాసేపు వీధి వాళ్ళది, తర్వాత అందరిదీ. గంటలు కట్టి వీధిని వాడుకోవడం మనకు తెలియని విద్య కాదు. పడుగును మధ్యాహ్నం దాకా వదిలేసి "ఇది మా ఇంటి ముందు" అన్నవారి కథ మాత్రం నేను వినలేదు.

గంటల సంగతి వచ్చింది కాబట్టి అసలు కథ. అమెరికాలో వాషింగ్టన్ నగరానికి నది అవతల ఆర్లింగ్టన్ అని ఒక కౌంటీ. అక్కడ పెద్ద పెద్ద ఆఫీసులు వెలిశాయి. ఉద్యోగులు కార్లలో వచ్చి పక్కనున్న ఇళ్ళ వీధుల్లో ఊరికే పార్క్ చేసి నడిచి వెళ్ళిపోయేవారు. మన బడాబజార్‌లో పట్టుచీర కొనడానికి వచ్చినవారు వెనక సందుల్లో కారు పెట్టి మాయమైనట్టే. కౌంటీ ఒక నిబంధన పెట్టింది: పని రోజుల్లో పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా ఈ వీధుల్లో ఇంటివాళ్ళ బండ్లు, వాళ్ళ దగ్గరకు వచ్చినవాళ్ళ బండ్లు మాత్రమే నిలపాలి. ఉద్యోగులు కోర్టుకెక్కారు. రోడ్డు అందరిదీ అయినప్పుడు మాకెందుకు లేదు, ఇది వివక్ష అన్నారు. రాష్ట్ర సుప్రీంకోర్టు వాళ్ళ మాటే విన్నది. 1977లో అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగేసింది. పొగ, రద్దీ తగ్గించడానికి బయటి కార్లను ఆపడం తప్పు కాదన్నది.

గమనించండి, అక్కడ కూడా "ఈ చోటు ఈ ఇంటిది" అనలేదు. పగటిపూట ఈ బస్సు పాసు ఉన్నవాళ్ళకు అన్నారు, అంతే. రాత్రి ఎవరైనా ఎక్కవచ్చు. పర్మిట్ ఆపేది బయటివాళ్ళను, పక్కింటివాళ్ళను కాదు. మీ గొడవ పక్కింటివాళ్ళతో అయితే పర్మిట్ మీకేమీ చేయదు. మన గొడవల్లో ముప్పాతిక పక్కింటివాళ్ళతోనే అని నా అభిప్రాయం.

ఇక పాసులు ఎన్ని ఇవ్వాలి? ఒక పేటలో బండి పెట్టదగ్గ చోట్లు 40, ఇంటివాళ్ళ కార్లు 70 ఉన్నాయనుకోండి. 70 పాసులూ ఇచ్చేస్తే ముప్పైమంది రోజూ కడ్డీ పట్టుకోవాలి. వాళ్ళు మళ్ళీ రోళ్ళు వెతుక్కుంటారు. అందుకని ఇంటికి ఒకటే అని కొన్ని చోట్ల, రెండోదానికి ఎక్కువ రుసుము అని కొన్ని చోట్ల. బెంగళూరుకు 2021లో ఆమోదించిన పార్కింగ్ విధానం పర్మిట్ రుసుమును బండి సైజుకు కట్టింది: చిన్న కారుకు ఏడాదికి 1000 రూపాయలు, పెద్ద బండికి 5000 దాకా. మూట తెచ్చినవాడికి లగేజీ టికెట్ కొట్టినట్టు. సబబే. కానీ వెయ్యిని పన్నెండుతో భాగించండి, నెలకు 84 రూపాయలు కూడా కాదు. ఒక కారు చోటు అంటే రెండున్నర మీటర్లు ఇంటూ ఐదు, దాదాపు 135 చదరపు అడుగులు. పదీ పదమూడు అడుగుల గది. అంత గదిని నెలకు 84 రూపాయలకు ఇవ్వమని ఈ వీధిలో ఏ ఇంటివారినైనా అడగండి, నేను కాస్త దూరంగా నిలబడతాను. మన 2006 జాతీయ పట్టణ రవాణా విధానమే చెబుతోంది, పార్కింగ్ రుసుము ఆ నేల విలువకు తగ్గట్టు ఉండాలని.

జపాన్ వాళ్ళది ఇంకో దారి. 1962 చట్టం ప్రకారం కారు రిజిస్టర్ కావాలంటే ఇంటికి దగ్గరలో నిలిపే చోటు ఉందని ముందు చూపించాలి, ఇప్పుడు ఆ దూరం రెండు కిలోమీటర్ల లోపు. పోలీసు స్టేషనులో కాగితం ఇస్తారు. రాత్రంతా రోడ్డు మీద వదలడం కుదరదు. బస్సెక్కాలంటే కుర్చీ ఇంటి నుంచి తెచ్చుకో అన్నట్టు. 2025లో మహారాష్ట్ర రవాణా మంత్రి కూడా పార్కింగ్ చోటు చూపితేనే కొత్త బండి రిజిస్ట్రేషన్ అని ప్రకటించారు.

ఐదూ ముప్పావు అయింది. మిగతావి గబగబా.

చిరునామా. పర్మిట్ అడిగితే ఇంటి రుజువు, బండి ఆర్‌సీ రెండూ చూపాలి, సాధారణంగా రెంటిలో ఒకే చిరునామా ఉండాలి. మన సరిహద్దు వాళ్ళకు ఇక్కడే చిక్కు. ఇచ్ఛాపురంలో మామయ్య పేరు మీద కొన్న ఏపీ 39 బండిని ఇక్కడ తిప్పుకునేవారు మనలో ఎంతమంది! వేరే రాష్ట్రం బండిని 12 నెలలు దాటి ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలని అదే మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్. పర్మిట్ కిటికీ దగ్గర మొదట దొరికిపోయేది మనమే.

అద్దెవాళ్ళు. పర్మిట్ ఉండేవారికి, ఇంటి యజమానికి కాదు. యజమాని వైజాగ్‌లో ఉంటే ఆయనకు పాసు ఎందుకు?

చుట్టాలు. రోజువారీ చీటీలు ఇస్తారు, ఏడాదికి ఇన్ని అని. పెళ్ళిళ్ళకు చాలవు. మన ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణి యాత్ర రోజుల్లో అయితే కార్లు ఎక్కడో వదిలి అందరూ నడుస్తారు, అప్పుడు ఎవరికీ కాళ్ళు నొప్పి పుట్టవు.

తనిఖీ. చెకింగ్ లేని బస్సులో పాసు ఎవరు కొంటారు? 127వ సెక్షన్ కింద నిషేధం ఉన్న చోట నిలిపిన బండినీ, బహిరంగ స్థలంలో పది గంటలు గమనించేవారు లేకుండా వదిలేసిన బండినీ యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి లాగించేయవచ్చు, చక్రానికి తాళం వేయించవచ్చు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఏడు, పది గంటలే. మీ కారు గుర్తుకొచ్చిందా?

బోర్డులు. నీలి వృత్తం, ఎర్ర అంచు, ఒక అడ్డగీత ఉంటే పార్కింగ్ కూడదు. రెండు గీతలు గుణకారం గుర్తులా ఉంటే అసలు ఆగడమే కూడదు. "రెండు నిమిషాలేనండీ" చెల్లదు.

డబ్బు ఎటు పోవాలి అన్నది నాకు ఇష్టమైన భాగం, ఆ వీధి కాలువకు మూతలు వేయడానికి ఖర్చు పెడితే...

(హారన్. తెర మీద: కారు ముందు భాగం, రోలు ముందు ఆగింది.)

వచ్చేశారు. ఒక్క నిమిషం బాబాయిగారూ, తీసేస్తున్నాను.

"తీయి నాయనా, తొందరేమీ లేదు. ఇంతకీ ఆ మూడుకాళ్ళదానికి పర్మిట్ ఉందా?"