వేల్స్ దివాణాల కవిలెకట్టల్లో తాతముత్తాతలు

శ్రోతలందరికీ నమస్కారం.

బ్రిటన్‌కి పడమటి వైపు, ఐరిష్ సముద్రం ఒడ్డున ఉన్న చిన్న దేశం వేల్స్. కొండలూ గొర్రెలూ వానలూ ఎక్కువ. జనాభా ముప్పై లక్షల పైచిలుకు, అంటే మన హైదరాబాద్‌లో సగం కూడా ఉండరు. కానీ అక్కడ తమ తాతముత్తాతల ఆనవాళ్లు వెతుక్కునేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. పెన్సిల్వేనియా బొగ్గు గనులకు వెళ్లినవాళ్ల మనవలు, 1865లో ఓడెక్కి అర్జెంటీనాలోని పటగోనియాకు చేరినవాళ్ల మునిమనవలు, ఆస్ట్రేలియావాళ్లు. అందరికీ ఎదురయ్యే మొదటి చిక్కు ఒకటే. దాని పేరు జాన్ జోన్స్.

'మా ముత్తాత జాన్ జోన్స్, కార్డిగన్‌షైర్‌లో వ్యవసాయం చేసేవాడు' అని కాగితం మీద రాసుకుని ఎవరైనా వెతకడం మొదలుపెడితే, ఒకే చర్చి పరిధిలో, ఒకే కాలంలో, అదే పేరున్నవాళ్లు అరడజను మంది కనిపిస్తారు. వాళ్లలో ఇద్దరికి భార్య పేరు కూడా మేరీయే అయి ఉంటుంది. ఎందుకంటే పూర్వం వెల్ష్‌వాళ్లకు స్థిరమైన ఇంటిపేర్లు లేవు. హవెల్ కొడుకు రీస్ అయితే 'రీస్ ఆప్ హవెల్' అనేవారు. ఆ తరవాతి తరంలో మళ్లీ మారిపోయేది. ఇంగ్లిష్ పాలన కింద 16వ శతాబ్దం నుంచి ముందు పెద్ద కుటుంబాలు, ఆ వెనక చాలా నెమ్మదిగా సామాన్యులు తండ్రి పేరునే ఇంటిపేరుగా ఖాయం చేసుకున్నారు. దాంతో దేశం మొత్తం జోన్స్, డేవిస్, విలియమ్స్, ఇవాన్స్, థామస్ లాంటి గుప్పెడు పేర్లలో ఇరుక్కుపోయింది. మరి ఊళ్లో ఒకరినొకరు ఎలా గుర్తుపట్టేవారు? కమతం పేరుతో. ఫలానా కమతం జాన్, ఫలానా కమతం మేరీ. అక్కడ ప్రతి కమతానికీ, ఎంత చిన్నదైనా సరే, ఒక పేరుంటుంది. మనుషులు మారినా ఆ పేరు మాత్రం మారదు.

కాబట్టి వేల్స్‌లో వంశవృక్షం వెతికేవాళ్లు మనిషి పేరును కాసేపు పక్కన పెట్టి కమతం పేరు పట్టుకోవాలి. ఆ కమతం కాగితాలు రైతు ఇంట్లో ఉండవు. రైతు కౌలుదారు. కాగితాలన్నీ భూస్వామి దివాణంలో ఉంటాయి. ఈవేళ నేను చెప్పబోయేది ఆ దివాణాల కవిలెకట్టల గురించే.

భూమి అంతా కొద్దిమంది చేతుల్లోకి ఎలా వెళ్లిందో ముందు రెండు మాటల్లో చెబుతాను. పాత వెల్ష్ ధర్మం ప్రకారం తండ్రి భూమి కొడుకులందరికీ సమానంగా పంచాలి. 1536లోనూ, 1543లోనూ ఎనిమిదో హెన్రీ తెచ్చిన చట్టాలు వేల్స్‌ను ఇంగ్లండ్‌లో కలిపి, ఈ పంపకాల పద్ధతిని రద్దు చేశాయి. ఇక ఆస్తి అంతా పెద్ద కొడుక్కే. దానికి తోడు కలిసొచ్చే పెళ్లిళ్లు, అప్పుల కింద జమ అయిన పొలాలు. రెండు మూడు వందల ఏళ్లలో పెద్ద పెద్ద ఎస్టేట్లు తయారయ్యాయి. ఉత్తరాన విన్‌స్టే ఎస్టేటు అన్నిటిలోకీ పెద్దది. విలియమ్స్ విన్ కుటుంబానికి 19వ శతాబ్దంలో లక్షా నలభై వేల ఎకరాలకు పైగా భూమి ఉండేది. పడమట నాంటియోస్, గొగెర్దన్, ట్రౌస్‌గోయిడ్, దక్షిణాన ట్రెడిగర్, గోల్డెన్ గ్రోవ్. 19వ శతాబ్దం చివరికి కూడా వేల్స్ సాగుభూమిలో సొంతదారు స్వయంగా చేసుకునేది పదో వంతే. మిగతాదంతా కౌలే.

కౌలు అన్నాక ఖాతా ఉండాలి. అక్కడ శిస్తు ఏడాదికి రెండు కిస్తులు, మార్చి 25న ఒకటి, సెప్టెంబరు 29న ఒకటి. ప్రతి కిస్తుకీ గుమాస్తా కమతం పేరు, రైతు పేరు, కట్టాల్సింది, కట్టింది, బకాయి రాసేవాడు. రాసింది దివాణం డబ్బు కోసం. రైతును గుర్తుపెట్టుకోవాలన్న ఉద్దేశం ఏ కోశానా లేదు. అయినా ఆ పుస్తకాలు వరసగా తిరగేస్తే ఒక కుటుంబం కళ్ల ముందు కదులుతుంది. ఓ ఏడాది మార్చిలో మగమనిషి పేరుండి, సెప్టెంబరుకి అదే కమతం ఎదురుగా 'వితంతువు' అని పడితే, ఆ ఆరు నెలల్లో ఏం జరిగిందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంకో పదేళ్లకు కొడుకు పేరు. మధ్యలో పంటలు పోయిన ఏళ్లలో బకాయి పెరుగుతూ పోతుంది.

కౌలు పత్రాల్లో ఒక రకం ఉంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైంది. ముగ్గురి ఆయుష్షు మీద రాసే కౌలు. మామూలుగా కౌలు అంటే ఇన్నేళ్లు అని గడువు ఉంటుంది కదా. ఇందులో గడువు ముగ్గురు మనుషుల ప్రాణం. పత్రంలో ముగ్గురి పేర్లు రాస్తారు. వాళ్లలో ఆఖరి మనిషి కన్నుమూసేదాకా కమతం ఆ కుటుంబానిదే. అందుకే తెలివైన రైతు తన పేరు, భార్య పేరు రాయించి, మూడో పేరుకి ఒళ్లో బిడ్డను చూపిస్తాడు. బిడ్డ బతికి బట్టకడితే డెబ్బై ఏళ్లు ఢోకా లేదు. దివాణానికేమో ఆ ముగ్గురిలో ఎవరున్నారో ఎవరు పోయారో ఎప్పటికప్పుడు తెలియాలి. కాబట్టి గుమాస్తా సర్వేకి వచ్చినప్పుడల్లా పేర్ల పక్కన వయసులు వేసుకుంటాడు. ఒకరు పోతే అదీ రాసుకుంటాడు. ఒకరి పేరు తీసి మరొకరిని చేర్చాలంటే నజరానా చెల్లించాలి, దానికీ పత్రం. చర్చి రిజిస్టరులో పేరు లేని పిల్లలు కూడా ఇలా కౌలు పత్రంలో దొరుకుతారు. 19వ శతాబ్దం నడిమికి వేల్స్‌లో ఎక్కువమంది ప్రభుత్వ చర్చిని వదిలి మెథడిస్టు, బాప్టిస్టు ప్రార్థన మందిరాలకు వెళ్లేవారు. అందువల్ల చర్చి రిజిస్టర్లలో ఖాళీలు ఎక్కువ. 1660కి ముందువైతే మిగిలినవే తక్కువ. బిడ్డకు బాప్టిజం ఎక్కడ ఇప్పించారన్నది దివాణానికి పట్టదు. శిస్తు ఎవరు కడతారన్నదొక్కటే పడుతుంది.

డబ్బు ఒక్కటే కాదు, పై బాధ్యతలూ ఆ పత్రాల్లోనే ఉండేవి. పండక్కి దివాణానికి జత కోళ్లు, కోతల రోజుల్లో ఒకటి రెండు రోజుల ఊరికే పని, ధాన్యం దొరగారి మరలోనే ఆడించడం, దొరగారి వేటకుక్కను ఇంట్లో పెట్టి మేపడం. రైతు చనిపోతే ఆ ఇంట్లో మేలైన పశువును దివాణానికి తోలుకుపోయే హక్కు కూడా కొన్నిచోట్ల ఉండేది. ఇంటి పెద్ద పోయి ఏడుస్తుంటే కొట్టంలో మంచి ఎద్దు కోసం మనిషి వచ్చేవాడన్నమాట! ఈ షరతులన్నీ రాసిన భాష రైతుకు రాదు. 1733 దాకా కోర్టు దస్తావేజులు లాటిన్‌లో, ఆ తర్వాత ఇంగ్లిష్‌లో. వెల్ష్ తప్ప మరో మాట రాని రైతు చివర్లో ఇంటూ గుర్తు పెట్టి ఇచ్చేవాడు. రాసే గుమాస్తాకు వెల్ష్ సరిగా రాకపోతే ఒకే కమతం పేరు నాలుగు పుస్తకాల్లో నాలుగు రకాలుగా పడేది. ఇప్పుడు వెతికేవాళ్లకు అదో తలనొప్పి.

సరే, మన జాన్ జోన్స్ ఏ దివాణం కింద ఉండేవాడో ఎలా తెలుస్తుంది? 1841 జనాభా లెక్కల్లో చాలాచోట్ల కమతం పేరుంటుంది. అది పట్టుకుని చర్చి పన్ను పటాల దగ్గరికి వెళ్లాలి. చర్చికి పంటలో పదో వంతు ఇచ్చే ఆచారాన్ని డబ్బు రూపంలోకి మార్చడానికి 1836లో చట్టం చేసి, ఊరూరా పటాలు గీయించారు. మన అడంగల్ లాంటివే అనుకోండి. ప్రతి చెక్కకూ నంబరు, పొలం పేరు, ఏం పండుతోంది, విస్తీర్ణం, హక్కుదారు ఎవరు, సాగుదారు ఎవరు. హక్కుదారు గడిలో కనిపించే పేరే మనకు కావలసిన దివాణం. వేల్స్ పటాలు వెయ్యికి పైగా ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. అక్కడి నుంచి ఆ దొరవారి కాగితాలు ఏ భాండాగారంలో ఉన్నాయో కనుక్కోవాలి. చాలా భాగం అబెరిస్ట్విత్‌లో, సముద్రానికి ఎదురుగా కొండ మీదున్న జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి. 1907లో రాజశాసనంతో ఏర్పడిన సంస్థ అది. కొన్ని బాంగోర్ విశ్వవిద్యాలయంలో, కొన్ని జిల్లా రికార్డు ఆఫీసుల్లో. 1858కి ముందటి వీలునామాలు లక్షా తొంభై వేల దాకా ఆ గ్రంథాలయంలోనే ఉన్నాయి, అవీ ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు.

కవిలెకట్టల్లో లెక్కలతో పాటు ఉత్తరాలూ ఉంటాయి. 1868 ఎన్నికల నాటివి చదివితే ఒళ్లు మండుతుంది. అప్పట్లో ఓటు అందరి ముందూ నోటితో చెప్పి వెయ్యాలి. కార్డిగన్‌షైర్, కార్మార్థెన్‌షైర్ జిల్లాల్లో దొర చెప్పిన మనిషికి కాక లిబరల్ పార్టీకి ఓటేసినందుకు కౌలుదార్లను కమతాల నుంచి వెళ్లగొట్టారు. ఆ గొడవ పార్లమెంటు దాకా పోయింది. 1872లో రహస్య బ్యాలెట్ చట్టం రావడానికి దారి తీసినవాటిలో అదీ ఒకటి. కాబట్టి కిస్తు పుస్తకంలో 1869 ప్రాంతంలో మీ ముత్తాత పేరు ఉన్నట్టుండి మాయమైతే, చావు ఒక్కటే కారణం అనుకోకూడదు.

రైతు పేరైనా ఖాతాకెక్కింది. కూలీలూ, ఇంట్లో పనిచేసే ఆడవాళ్లూ చాలా దివాణాల్లో జీతం అంకె పక్కన సగం పేరుగా మిగిలారు. రెక్సమ్ దగ్గరున్న ఎర్దిగ్ భవనంలో మాత్రం ఒక వింత జరిగింది. అక్కడి యార్క్ కుటుంబం తమ నౌకర్ల బొమ్మలు వేయించి గోడలకు తగిలించింది. 1793లో వేయించిన బొమ్మల్లో జేన్ ఎబ్రెల్ అనే ఆవిడ ఉంది. వయసు 87. చీపురుతో సహా కూర్చుంది. పక్కన యజమాని అల్లిన పద్యంలో ఆవిడ ఒకప్పుడు ఇంట్లో సాలెగూళ్లు దులిపేదని రాసి ఉంది. ఫొటోలొచ్చాక 1852లో పనివాళ్లందరినీ ఎవరి పనిముట్టు వాళ్ల చేతికిచ్చి నిలబెట్టి తీయించారు. పద్యాలు గొప్పవేమీ కావు. కానీ రాణుల బొమ్మలు వేలాడే కాలంలో పనిమనిషి పేరూ, మొహమూ, వయసూ మూడూ దక్కడం సామాన్యం కాదు.

దీనికి పూర్తిగా వ్యతిరేకం పెన్రిన్ ఎస్టేటు కాగితాలు. ఉత్తర వేల్స్‌లో పలకరాయి గనులతో పేరుపడ్డ ఎస్టేటు ఇది. ఆ గనుల మీద పెట్టిన డబ్బులో పెద్ద భాగం జమైకా చెరకు తోటల నుంచి వచ్చింది. రిచర్డ్ పెనాంట్ దొర జమైకా ఏజెంట్లతో నడిపిన ఉత్తరాలు బాంగోర్‌లో ఉన్నాయి. ఒక ఉత్తరంలో పశువులతోనూ, బానిసలతోనూ మరీ ఎక్కువ పని చేయించవద్దని రాస్తాడు. పశువుల మాటే ముందు! బానిసత్వం రద్దయ్యాక ఆయన వారసుడికి 764 మంది బానిసలకు గాను ప్రభుత్వం 14,683 పౌండ్ల పరిహారం ఇచ్చింది. ఆ 764 మందికి పైసా రాలేదు. అంటే వేల్స్ దివాణం పెట్టెలో జమైకా కుటుంబాల పూర్వీకులూ ఉన్నారు. అదే పెన్రిన్ గనుల్లో 1900 నుంచి 1903 దాకా మూడేళ్లు సమ్మెతో పని ఆగిపోయినప్పుడు, కార్మికులు 'ఈ ఇంట్లో ద్రోహి లేడు' అని, అంటే సమ్మె విడిచి పనిలోకి వెళ్లినవాడు లేడని, కార్డులు రాసి కిటికీలకు పెట్టుకున్నారు. ఆ కార్డు పెట్టినవాళ్లెవరో, తీసేసినవాళ్లెవరో కొన్ని కుటుంబాలు ఇంకా మర్చిపోలేదు.

మన తెలుగు నేలకూ ఈ కట్టల్లో ఒక ముడి ఉంది. వేల్స్ నడిమి భాగంలో పోవిస్ కోట. రాబర్ట్ క్లైవ్ కొడుకు ఎడ్వర్డ్ క్లైవ్ ఆ ఇంటి ఆడపిల్ల హెన్రియెటా హెర్బర్ట్‌ను 1784లో పెళ్లాడాడు. 1798 నుంచి 1803 దాకా మద్రాసు గవర్నర్‌గా ఉన్నది ఆయనే. 1800లో నిజాం కడప, అనంతపురం, బళ్లారి ప్రాంతాలను కంపెనీకి వదులుకున్నదీ, 1802లో 25వ రెగ్యులేషన్ వచ్చి ఉత్తర సర్కార్లలో జమీందార్లకు శాశ్వత శిస్తు ఖాయమైందీ ఆయన హయాంలోనే. నమూనా బెంగాల్‌ది, ఒత్తిడి కలకత్తాది, నిజమే. కానీ శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా రైతు నెత్తిన 1948 చట్టం వచ్చేదాకా జమీందారును ఉంచిన ఏర్పాటు ఒక భూస్వామి ఇంటి మనిషి గవర్నర్‌గా ఉండగా జరిగిందని గమనించండి. పోవిస్ ఎస్టేటు పత్రాలు అబెరిస్ట్విత్‌లోనే ఉన్నాయి. శ్రీరంగపట్నంలో దొరికిన టిప్పు సుల్తాన్ వస్తువులు కొన్ని కోటలో ఉన్నాయి.

ఇంత సరుకు మిగలడం కూడా అదృష్టమే. 1807లో హఫోద్ భవనం, 1858లో విన్‌స్టే భవనం కాలిపోయి విలువైన రాతప్రతులు బూడిదయ్యాయి. 1910 నుంచి మొదటి ప్రపంచయుద్ధం తర్వాతి కొన్నేళ్ల దాకా దొరలు ఎస్టేట్లు ముక్కలు చేసి అమ్మారు. చాలాచోట్ల కౌలుదారే అప్పు చేసి తన కమతాన్ని తానే కొనుక్కున్నాడు. కొన్నప్పుడు ఆ భూమి తాలూకు పాత దస్తావేజులు కూడా చేతికొచ్చాయి. ఆ తర్వాత 1925 చట్టంతో హక్కు రుజువుకు అంత పాత కాగితాలతో పని లేకుండా పోయింది. లాయర్ల ఆఫీసుల్లో కట్టలు కట్టలు బయట పారేశారు. తోలు మీద రాసిన దస్తావేజులను దీపాలకు గొడుగులుగా కుట్టి అమ్మినవాళ్లూ ఉన్నారు. పారేయని రైతు ఇళ్లలో అవి ఇప్పటికీ బీరువా అడుగున ఉంటాయి. కాబట్టి కమతం దొరికి, దివాణం కట్టలు మాత్రం గ్రంథాలయంలో కనిపించకపోతే, ఇప్పుడు ఆ ఇంట్లో ఉంటున్నవాళ్లకు ఒక ఉత్తరం రాసి చూడటం మంచిది.

సెలవు, నమస్కారం.