హెన్రీస్ లేక్‌లో ట్రౌట్ వేట: నాచుకు ఒక అడుగు పైన

నమస్కారం. నేనిప్పుడు అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో, హెన్రీస్ లేక్ ఒడ్డుకు దగ్గరగా లంగరు వేసిన చిన్న పడవలో ఉన్నాను. వేసవిలో యెల్లోస్టోన్ జాతీయ ఉద్యానవనం చూడడానికి వచ్చే మన తెలుగు కుటుంబాలు ఎన్నో ఈ సరస్సు పక్కనుంచే కారులో సాగిపోతూ ఉంటాయి. సముద్రమట్టానికి సుమారు 6,470 అడుగుల ఎత్తున, కొండల నడుమ ఇంత విశాలంగా పరచుకున్న ఈ నీటి సగటు లోతు దాదాపు 12 అడుగులే. మన పల్లెల్లోని దిగుడుబావులు చాలావరకు దీనికంటే లోతైనవి. ఈ లోతు తక్కువే ఇక్కడి వేటకు మూలం కాబట్టి, గాలం పట్టే ముందు దాని సంగతి చూద్దాం.

ఎండ అడుగుదాకా దిగుతుంది కనుక సరస్సు నేలంతా నాచు పెరుగుతుంది. ఇదిగో, ఒక గుప్పెడు పైకి తీస్తున్నాను, అరచేతిని దగ్గరగా చూడండి. పెసరగింజంత ఉండి, ఒళ్లు ముడుచుకుంటూ చాచుకుంటూ కొట్టుకుంటున్న ఈ బూడిదపచ్చ ప్రాణులను స్కడ్‌లు అంటారు. ఇవి రొయ్యలకు దూరపు చుట్టాలు. పక్కన పుల్లముక్కలా కదలకుండా ఉన్నది సన్నజాతి తూనీగ పిల్ల. దాని తోక చివర ఈకల్లా కనిపిస్తున్న మూడు రేకులూ మొప్పలే. ఈ జూలై మొదటి రోజుల్లో ఇలాంటి పిల్లలు రెక్కలు విప్పుకోవడానికి ఒడ్డువైపు ఈదుతాయి, చల్లటి నీటిలో బతికే ట్రౌట్ చేపలు వాటి వెంటపడతాయి. అందువల్ల నేను ఈ రోజు కట్టిన ఎర, ఆలివ్ పచ్చ ఈకతో, అంగుళం పొడవున చేసిన తూనీగ పిల్ల నమూనా. తూనీగ పిల్లలు కదలని రోజుల్లో ముదురు రంగు జలగ నమూనా వాడతాను.

అయితే ఎర ఎంత చక్కగా ఉన్నా, అది నాచులో కూరుకుపోతే చేపకు కనిపించదు, మరీ పైన తేలితే చేప లేచి రాదు. నాచు కొసలకు ఒక అడుగు పైన దాన్ని నడపడమే ఇక్కడ నేర్చుకోవలసిన అసలు విద్య. నా రాడ్, అంటే గాలపు కర్ర, 6 నంబరు బరువు లైన్‌కు తగినది; లైన్, అంటే గాలపు తాడు, నెమ్మదిగా మునిగే ఇంటర్మీడియట్ రకం. అది సెకనుకు సుమారు అంగుళంన్నర దిగుతుంది. పడవ కింద నీరు 7 అడుగులుండి, నాచు అడుగునుంచి 3 అడుగులు పెరిగి ఉంటే, పైన 4 అడుగుల ఖాళీ నీరు మిగులుతుంది. అందులో 3 అడుగులు దిగాలంటే 36 అంగుళాలు, అంటే 24 సెకన్లు. లైన్ విసిరాక నోటితో లెక్కపెట్టండి, తొందరపడకండి. ఎరకు నాచు తగిలి వస్తే మరుసటిసారి రెండు సెకన్లు తగ్గించండి. ఏమీ తగలకపోతే రెండు పెంచండి.

ఇక లాగడం. ఎడమచేతి వేళ్లతో లైన్‌ను కొద్దికొద్దిగా మెలితిప్పుతూ అరచేతిలోకి చుట్టుకోండి, మధ్యమధ్య రెండు క్షణాలు ఆపండి. ఎక్కువసార్లు చేప ఆ ఆగినప్పుడే అందుకుంటుంది. మన చెరువుల్లో బెండు మునగగానే కర్రను పైకెత్తడం అలవాటైనవాళ్లు ఇక్కడ ఆ అలవాటును మానుకోవాలి; రాడ్ కొసను నీటికి ఆనించి ఉంచి, లైన్ బరువెక్కగానే ఎడమచేత్తో నిదానంగా లాగితే ముల్లు దిగుతుంది.

పడింది. చేతిని ముందుగా తడుపుతున్నాను, ఎందుకంటే పొడిచెయ్యి చేప ఒంటిమీది జిగురుపొరను చెరిపేస్తుంది. దవడ కింద ఈ నారింజ ఎరుపు గీత చూడండి, కట్‌త్రోట్ అనే పేరు దీనికి ఈ గీతవల్లే వచ్చింది. యెల్లోస్టోన్ కట్‌త్రోట్ ఈ ప్రాంతపు సొంత చేప, అందుచేత నేను దాన్ని తప్పకుండా వదిలేస్తాను. వండుకోవాలనిపిస్తే, తూర్పు రాష్ట్రాలనుంచి తెచ్చి వదిలిన బ్రూక్ ట్రౌట్‌నే ఉంచుకుంటాను. మీరు ఏది ఉంచుకోవాలన్నా ఆ సంవత్సరపు నిబంధనల పుస్తకం చదవండి. 14 ఏళ్లు నిండినవారికి లైసెన్సు తప్పనిసరి.

థర్మామీటర్ లేకుండా మాత్రం రాకండి. సముద్రమట్టం దగ్గర 10 డిగ్రీల సెల్సియస్ నీటిలో లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 20 డిగ్రీల దగ్గర అది 9కి పడిపోతుంది, ఈ ఎత్తున ఇంకా తక్కువ. వేడినీటిలో పోరాడి అలసిన ట్రౌట్, మనం ఎంత జాగ్రత్తగా వదిలినా, తర్వాత చనిపోవచ్చు. లోతైన సరస్సులోనైతే చేప చల్లటి అడుగుకు దిగిపోతుంది. ఇక్కడ దానికి ఊటల దగ్గర, వాగులు కలిసే చోట తప్ప తలదాచుకునే చోటు లేదు. వేసవి ముదిరాక అక్కడ గుమిగూడిన చేపలను పట్టడం సులువు, కాని అది వేటగా నాకు అనిపించదు.

తెల్లవారి 6 గంటలకు నీరు 15 డిగ్రీలు ఉంది. ఇప్పుడు 11 గంటలు దాటింది, థర్మామీటర్ 19 డిగ్రీలు చూపిస్తోంది, పడమటినుంచి గాలి కూడా లేస్తోంది. లోతు తక్కువ నీటిలో గాలికి అలలు చాలా త్వరగా నిటారుగా లేస్తాయి, చిన్న పడవ వాటికి తట్టుకోదు. లంగరు తీసి ఒడ్డుకు వెళ్తున్నాను.